రెండు పైకాలకు పాతిక లింకులు

నాకు కోపం తొందరగా వస్తుంది. షాపు పెట్టిన కొత్తలోనే ఈ సంగతి మేడ్చల్ మండలాఫీసు చుట్టుపక్కల అందరికీ తెలిసిపోయింది. ఆఫీసుకు ఎదురుగా, ఒక టీకొట్టుకూ ఒక స్టాంపు వెండరు బల్లకూ మధ్య ఇరుక్కుని ఉండేది నా డీటీపీ, జిరాక్స్ దుకాణం. 2009లో తెరిచాను. దరఖాస్తులు, పెళ్ళిపత్రికలు, వెంచర్ల బ్రోచర్లు, ఏది వస్తే అది చేసేదాన్ని. "జల్దీ గావాలె మేడం" అంటూ వచ్చి, ఏం కావాలో అప్పుడు ఆలోచించడం మొదలుపెట్టేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండేది. మండినా పని చేసి పెట్టేదాన్ని, కాకపోతే నాలుగు మాటలు అని చేసేదాన్ని.

పని నేర్చుకున్నది శామీర్‌పేటలో. డిగ్రీ చదివే రోజుల్లో సెలవులు వస్తే ఒక పాత ప్రెస్సులో కూర్చునేదాన్ని. దాని యజమాని ముసలాయన, అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. అటు ఉర్దూ, ఇటు తెలుగు, రెండింట్లోనూ శుభలేఖలు వేసేవాడు. సీసపు అక్షరాలు మూలన పడి కంప్యూటరు వచ్చాక కూడా ఆయన నోట సెంటీమీటరు అన్న మాట రాలేదు. పాయింట్లు, పైకాలు, అంతే. అంగుళానికి డెబ్బైరెండు పాయింట్లు. పన్నెండు పాయింట్లు కలిస్తే ఒక పైకా. ఒకసారి నేను ఐదు పైకాల ఆరు పాయింట్లను 5.6 అని రాసి ఆయన ముందు పెట్టాను.

"అరే బేటీ, నడుమ చుక్క ఎందుకు వెట్టినవ్? పైకాకు పది పాయింట్లున్నయా? పన్నెండున్నయ్. గది ఐదున్నర అయితది. చుక్క వెట్టినవంటే లెక్కంత బర్బాద్" అన్నాడు. ఆ రోజు నుంచి నా షాపులో కూడా పైకాలకూ పాయింట్లకూ మధ్య చుక్క లేదు. చిన్న గీత గీస్తాను. సాఫ్ట్‌వేర్ స్కేలు కూడా పైకాల్లోనే ఉంచుకున్నాను. పక్క షాపువాళ్ళు వచ్చి నా కంప్యూటర్ ముందు కూర్చుంటే తికమకపడేవాళ్ళు. అది నాకు కొంచెం సరదాగా కూడా ఉండేది.

అత్వెల్లిలో మా అమ్మ చెల్లెలు ఉండేది. చిన్నమ్మకు అక్కడ ఒక ఎకరం పొలం. చిన్నాయన మేడ్చల్, శామీర్‌పేటల మధ్య ఆటో నడిపేవాడు కాబట్టి ఆ ఎకరం పూర్తిగా చిన్నమ్మ రాజ్యం. పాలకూర, కొత్తిమీర, మెంతికూర మళ్ళు మళ్ళుగా వేసి, కోసి, కట్టలు కట్టి, మేడ్చల్ మార్కెట్‌కు తనే తెచ్చేది. మూడు బోర్లు ఎండిపోయాక నాలుగోది తూర్పు అంచున వేస్తే నీళ్ళు పడ్డాయి. బోరు వేసే లారీ మలుపు తిరిగేటప్పుడు తూర్పు హద్దురాయిని గుద్ది పడేసింది. నీళ్ళు పడ్డ సంబరంలో రాయి ఎవరికి పట్టింది? తర్వాత పాతుకుందాంలే అనుకున్నారు. ఆ తర్వాత ఎన్ని పంటలు పోయినా ఆ పని జరగలేదు.

2011లో తూర్పు పక్క భూమిని ఒక వెంచరు వాళ్ళు కొన్నారు. తెల్ల సున్నం పూసిన రాళ్ళు వరసగా లేచాయి. ఒకరోజు పొద్దున్నే చిన్నమ్మ నా షాపుకు వచ్చింది. కాళ్ళకు బురద అలాగే ఉంది. మార్కెట్‌కు వచ్చినప్పుడు తన చేతిలో ఎప్పుడూ ఉండే గంప లేదు.

"బిడ్డా, గోడకని జేసీబీతోని కందకం తవ్వుతున్నరే. నా బోరుకు ఇవుతల దిక్కు తవ్వుతున్నరు. బోరు వాళ్ళ జాగల వడ్డది" అంది.

"ఆపమని చెప్పలేదా?"

"చెప్పుడేంది, బకిట్ కింద వోయి నిలవడ్డ. ఆపిండ్రు. గాని అప్పటికే కాలువ తెగింది. మోటరు ఏస్తే నీళ్ళు మళ్ళకు వోతలేవు, కందకంల వడుతున్నయ్."

ఆ బోరు పోతే ఎకరం ఉన్నా లేనట్టే. ఐదో బోరు వేయించే శక్తి వాళ్ళకు లేదు, వేయించినా పడుతుందన్న నమ్మకం అంతకన్నా లేదు. ఆకుకూర రెండు రోజులు నీళ్ళు లేకపోతే తల వాల్చేస్తుంది. అది పోతే చిన్నమ్మ చేయగలిగింది ఇంకొకరి పొలంలో కూలికి పోవడమే.

విచిత్రమేమిటంటే ఆ వెంచరు పటం అప్పటికే నా కంప్యూటరులో ఉంది. బ్రోచరు చేయమని సైటు సూపర్‌వైజర్ ఇచ్చి వెళ్ళాడు. నేను రంగుల గొడవలో పడి అంకెలు చూడలేదు. ఇప్పుడు తెరిచి చూశాను. వెంచరు భూమిని మిషను పెట్టి కొలిచారు. చుట్టూ ఉన్న రైతుల సర్వే నంబర్లకు మాత్రం పాత టిప్పన్ల లోంచి అంకెలు ఎత్తి రాశారు. టిప్పన్ అంటే నిజాం కాలం నుంచి వస్తున్న కొలతల పటం. ఒక్కో సర్వే నంబరుకు ఏ భుజం ఎన్ని గొలుసులో అందులో ఉంటుంది. గొలుసుకు ముప్పై మూడు అడుగులు. మిగతా రైతుల హద్దురాళ్ళు నిలబడే ఉన్నాయి గనుక ఆ అంకెలతో ఎవరికీ పని పడలేదు. చిన్నమ్మ రాయి లేదు. అందుకని పడమటి రాయి నుంచి పటంలో ఉన్నంత కొలిచి, అక్కడ కందకం గీశారు.

చిన్నమ్మ నంబరుకు పడమర నుంచి తూర్పుకు 5.12 గొలుసులు. ఉత్తరం నుంచి దక్షిణానికి 7. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చదరం ఒక గుంట. నలభై గుంటలు ఒక ఎకరం. ఏడుతో హెచ్చవేస్తే ముప్పై ఆరు గుంటలు కూడా రావడం లేదు. సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి, పాసుబుక్కులో ఎకరం ఉంటే నాలుగు గుంటలు ఎక్కడికి పోయాయని అడిగాను.

"కాగితంల ఎకరముంటది మేడం, జాగ మీద తక్కువుంటది. గిది అంతట ఉన్నదే. మాకేమన్న కావాల్నని జేసినమా? టిప్పన్‌ల ఏమున్నదో గదే ఏసినం" అన్నాడు. అతను అబద్ధమాడుతున్నట్టు నాకు అనిపించలేదు. ఒకప్పుడు వ్యవసాయం చేసి, భూములు అమ్మి, ఇప్పుడు భూములు అమ్మించే కుటుంబం వాళ్ళది. మాట కటువుగా ఉండదు. కానీ మాట మెత్తగా ఉన్నంత మాత్రాన బోరు వెనక్కి రాదు కదా.

ఫోన్ పెట్టేసి పటం చుట్టూ ఉన్న అంకెలన్నీ గట్టిగా చదివాను. 8.15. 4.07. 3.10. 6.14. 5.12. 2.03. చిన్నమ్మ నా మొహం చూస్తూ కూర్చుంది. మళ్ళీ చదివాను. చుక్క తర్వాత ఒక్క అంకె కూడా పదిహేను దాటడం లేదు. నిజంగా దశాంశాలే అయితే ఎక్కడో ఒకచోట నలభయ్యో, డెబ్బయ్యో ఉండాలి. మా ప్రెస్సు లెక్కలో పైకా పక్కన పాయింట్లు పదకొండు దాటవు, పన్నెండు కాగానే ఇంకో పైకా అయిపోతుంది. ఇక్కడ పదిహేను దాటడం లేదంటే, గొలుసులో పదహారు ఏవో ఉన్నాయన్నమాట. అవేమిటో నాకు తెలియదు. తెలిసిన మనిషి రోడ్డుకు అవతల ఉన్నాడు.

మండల సర్వేయర్ రోజూ టీకొట్టుకు వస్తాడు. ఆ రోజు గ్లాసు పెదవికి తాకకముందే పట్టుకున్నాను.

"సార్, మీ పాత గొలుసుకు పదహారు ఏమన్నా ఉంటాయా?"

"అణాలు" అన్నాడు ఆయన. "ముప్పై మూడు అడుగుల గొలుసుకు పదారు అణాలు. అదంతా పాత ముచ్చట. ఇప్పుడు మా కాడున్నది అరవై ఆరు అడుగుల గొలుసు, దానికి నూరు లింకులు. ఎందుకమ్మా?"

పటం ముందు పెట్టాను. ఆయన టీ చల్లారిపోయేదాకా దాన్ని చూశాడు. "గిది చుక్క కాదు. ఐదు గొలుసుల పన్నెండు అణాలు. అంటే ఐదు ముప్పావు" అన్నాడు. నేను అక్కడే నిలబడి వేళ్ళ మీద లెక్క వేశాను. ఐదు ముప్పావును ఏడుతో హెచ్చవేస్తే నలభై గుంటల పావు. ఎకరం, పైన పావు గుంట. గట్టిగా అరిచినట్టున్నాను, స్టాంపు వెండరు తలెత్తి చూశాడు. సంతోషమూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఒక చుక్క కోసం ఇంత అన్యాయమా అని మండింది.

సర్వేయర్ మాత్రం నెమ్మదిగా, "కాగితం మీద తేలితే సరిపోదు. జాగ మీద గొలుసు వడాలె, పంచనామా కావాలె. దరఖాస్తు పెట్టుండ్రి. కానీ రేపటి నుంచి మాది సమ్మె. ఆఫీసు తెరిచినంక వస్త" అన్నాడు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపులో ఉన్న రోజులు. సమ్మె నాకూ ఇష్టమే, ఊరేగింపు బ్యానర్లు కూడా చేసిచ్చాను. కానీ ఆఫీసుకు తాళం పడింది, జేసీబీకి పడలేదు. ఆ చిక్కు ఒక్కటే నన్ను తినేసింది.

చిన్నమ్మ దానికి తన పద్ధతిలో జవాబు చెప్పింది. రోజూ పొద్దున్నే పోయి బోరు పక్కన స్టార్టరు డబ్బా ఉన్న సిమెంటు దిమ్మె మీద కూర్చునేది. అన్నం టిఫిన్‌లో అక్కడికే. కరెంటు ఉన్నంతసేపు మోటరు వేసి, పైపు దగ్గర బిందెలు పట్టి, కందకం మీద వేసుకున్న చెక్క దాటి, మళ్ళకు మోసేది. చిన్నాయన వచ్చి ఒకటి రెండుసార్లు "పోనీయే, పెద్దోళ్ళతోని మనకెందుకు" అన్నాడట. బిందె ఆయన చేతికిచ్చి "గిది ఆ చివరి మడికి" అందట. ఆ తర్వాత ఆయన ఆటో ఆపినప్పుడల్లా మోశాడు.

నా వంతు కాగితం. చిన్నమ్మకు వేలు పెట్టి చూపించగలిగేది, సూపర్‌వైజర్ కాదనలేనిది, సర్వేయర్ వచ్చిన రోజు లింకుల్లో నేరుగా వాడుకోగలిగేది కావాలి. అణాకు ఎన్ని పాయింట్లు పెట్టాలా అని చాలాసేపు కిందామీదా పడ్డాను. ఒకటి పెడితే పటం తపాలా బిళ్ళంత అవుతోంది. ఐదు పెడితే కాగితం వెడల్పుకు సరిపోయినా పైకాలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. మూడు పెట్టాను. అణాకు మూడు పాయింట్లు, అంటే పదహారు అణాల గొలుసుకు నలభై ఎనిమిది పాయింట్లు, అంటే సరిగ్గా నాలుగు పైకాలు. ఐదు గొలుసుల పన్నెండు అణాలు ఇరవై మూడు పైకాలు. ఏడు గొలుసులు ఇరవై ఎనిమిది పైకాలు. ఎక్కడా చిల్లర లేదు. ఉస్తాద్ చూసి ఉంటే తల ఊపేవాడు.

ఇక లింకులు. కొత్త గొలుసు అరవై ఆరు అడుగులు, పాతది సరిగ్గా దాంట్లో సగం. అంటే పాత గొలుసుకు యాభై లింకులు. నా కాగితం మీద పాత గొలుసు నాలుగు పైకాలు. కాబట్టి రెండు పైకాలకు పాతిక లింకులు. దీన్ని నాకు నేను పైకి చెప్పుకుని నవ్వాను. అచ్చు పనికీ భూమి పనికీ మధ్య ఇంత తేలికైన లెక్క ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు, ఎవరికీ అవసరం పడి ఉండదు. ఇరవై మూడు పైకాలకు రెండు వందల ఎనభై ఏడున్నర లింకులు. చుక్క పెట్టి చదివిన తప్పుడు కొలతకు రెండు వందల యాభై ఆరు. తేడా ముప్పై ఒకటిన్నర లింకులు, నేల మీద ఇరవై అడుగుల పైచిలుకు.

ప్రింటు తీశాను. ఇనుప స్కేలుతో కొలిస్తే ఇరవై రెండు పైకాలే ఉంది. మళ్ళీ తీశాను, మళ్ళీ అంతే. కోపంతో మిషనును ఒక్కటి వేశాను కూడా. చూస్తే ప్రింటరు సెట్టింగులో కాగితానికి తగ్గట్టు కుదించమన్న చోట టిక్ ఉంది. అంచుల కోసం అది నా పటాన్ని కొంచెం నొక్కేస్తోంది. టిక్ తీసేశాను. ఈసారి ఇరవై మూడు పైకాలు గీతకు గీత కూర్చుంది. రెండు గీతలూ వేశాను, తప్పుడు కొలత ఎర్రగా, అసలు కొలత నల్లగా. మధ్యలో సన్నటి సందు, అందులో బోరుకు ఒక చిన్న సున్న.

చిన్నమ్మకు చూపించాను. తన చిటికెన వేలు అడ్డంగా పెడితే ఆ సందు మూసుకుపోయింది.

"గింతనేనా? గీ సందులనే నా బోరు ఉన్నదా?"

"గింతనే" అన్నాను.

"గింత కోసం గంత మంది తిరుగుతున్నరా" అని కాగితం మడిచి బొడ్లో దోపుకుంది.

సూపర్‌వైజర్‌కు కూడా ఒక కాపీ ఇచ్చాను. అతను చాలాసేపు చూసి, తనకు అర్థమైనట్టే తల ఊపాడు. పైవాళ్ళతో మాట్లాడతానన్నాడు. పైవాళ్ళు పంపిన కబురుతో మర్నాడు నేరుగా బోరు దగ్గరికే వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"పెద్దమ్మా, ఎందుకు పరేషాన్ అయితవ్? ఆ జాగ మా పార్కుల వస్తది. బోరు ఏడికి వోదు. నీకొక నల్లా ఇస్తం, ఎన్ని నీళ్ళన్న పట్టుకో."

"నా బోరు కాడ నేను నల్లా తిప్పుకోవాల్నా? నీ పార్కుల వాచ్‌మన్ గేటు తియ్యాల్నా?" అంది చిన్నమ్మ. "ఇగ గా ముచ్చట మాట్లాడకు కొడుకా. సర్వేయర్ వచ్చినంక గొలుసు యాడ వడితే ఆడ. నా దిక్కు వడకపోతే నేనే లేచి పోత."

అతను జేసీబీని అవతలి మూలకు పంపించాడు. కానీ బ్రోచరు పని నా దగ్గర నుంచి పేట్ బషీరాబాద్ షాపుకు పోయింది. పోతే పోయిందనుకున్నాను. పైకి అలా అనుకున్నాను గానీ, ఆ నెల మస్తు కష్టమైంది.

సమ్మె ముగిసింది. ఆఫీసు తెరిచిన వారంలోనే సర్వేయర్ గొలుసు భుజాన వేసుకున్న చైన్‌మన్‌తో అత్వెల్లి వచ్చాడు. పడమటి రాయి దగ్గర అందరం నిలబడ్డాం. సూపర్‌వైజర్, పంచనామాకు పిలిచిన ఇద్దరు పక్క రైతులు, చిన్నాయన, నేను. చిన్నమ్మ మాత్రం దిమ్మె మీద నుంచి లేచి వచ్చి గొలుసు పక్కనే నడవడం మొదలుపెట్టింది. మళ్ళ మధ్య గట్ల మీద గొలుసు ఒక చోట వదులుగా వాలింది. వాలితే కొలత నేల మీద తక్కువ పడుతుంది.

"సక్కగ గుంజు తమ్మీ, జోలాడుతాంది" అంది.

"గుంజితె తెగుతది పెద్దమ్మా" అన్నాడు చైన్‌మన్ నవ్వుతూ.

"తెగితే కొత్తది కొనిస్త. గుంజు."

ఒక గొలుసు. రెండో గొలుసు, రెండు వందల లింకులు. మూడోది పరచడం మొదలుపెట్టారు. కాగితం మీద ఎంత సరిగ్గా కుదిరినా, నేల ఇంకోలా చెబితే? పాత రాయి ఎవరైనా జరిపి ఉంటే? ఇన్నాళ్ళూ ఈ భయాన్ని నేను దగ్గరికి రానివ్వలేదు. గొలుసు యాభై ఆరో లింకు దగ్గర కందకం అంచును తాకింది, సరిగ్గా వాళ్ళు తవ్విన చోటనే. సూపర్‌వైజర్ నా వైపు చూశాడు. గొలుసు కందకం దాటింది. బోరు పైపు పక్క నుంచి పోయింది. ఇంకా ముందుకు పోయింది. సర్వేయర్ వంగి, లింకులు లెక్కపెట్టి, ఎనభై ఏడున్నర దగ్గర మేకు గుచ్చాడు. సుత్తితో రెండు దెబ్బలు కొట్టాడు. బోరు ఇవతల ఉంది. చిన్నాయన మొహం అటు తిప్పుకున్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఎవరు చూసినా నాకు పట్టలేదు.

"రాండ్రి, సంతకాలు వెట్టుండ్రి" అని సర్వేయర్ అట్ట మీద కాగితం పెట్టి పిలిచాడు. అందరూ పెట్టారు. సూపర్‌వైజర్ కూడా పెట్టాడు. చిన్నమ్మ రాలేదు. దిమ్మె దగ్గరికి పోయి మోటరు వేసింది. నీళ్ళు కాలువలో పడి, కందకం దాకా వచ్చి, అందులోకి జారుతున్నాయి. పార తీసుకుని తెగిన కాలువ దగ్గర నిలబడి, పక్కన కుప్పపోసి ఉన్న మట్టిని కందకంలోకి తోయడం మొదలుపెట్టింది.

"పెద్దమ్మా, ఉండు, జేసీబీని పిలుస్త. ఒక్క నిమిషంల పూడుస్తది" అన్నాడు సూపర్‌వైజర్.

"గది తవ్వుతందుకే మంచిగొస్తది" అంది చిన్నమ్మ, తలెత్తకుండా.

"అమ్మా, సంతకం ఒక్కటి పెట్టి పో. మేం పోవాలె" అన్నాడు సర్వేయర్.

"సంతకం ఎటు వోదు సారూ, కరెంటు వోతది."

నేను చెప్పులు విప్పి చేతులతో తోశాను. చిన్నాయన ఇంకో పార తెచ్చాడు. కందకం అంత పొడవునా కాదు, కాలువ దాటేంత మేర నిండింది. చిన్నమ్మ తొక్కి గట్టి చేసి, పారతో నడుమ గాడి తీసింది. నీళ్ళు ఒక్క క్షణం అక్కడ ఆగి, నురగ కట్టి, ఆ తర్వాత మెల్లగా దాటి మొదటి పాలకూర మడిలోకి పోయాయి. అవి మూడో మడికి తిరిగేదాకా తను కదల్లేదు.

అప్పుడు వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకోకుండానే పెన్ను పట్టుకుంది. తన పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాసింది. కాగితం మీద వేళ్ళ తడి, మట్టి పెద్ద మరకగా అంటుకుంది. సర్వేయర్ రుమాలు తీసి తుడవబోయాడు.

"ఉండనియ్ సారూ" అంది చిన్నమ్మ. "గది గూడ మా దిక్కు మట్టే."